సభాపతి ఎవరి మనిషి? మా కాలేజీ మాక్ పార్లమెంటు కోసం అడుగుతున్న

సివిక్స్ మేడం, హన్మకొండ

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్త. వచ్చే శుక్రవారం సెకండియర్ పిల్లలతోని మాక్ పార్లమెంటు పెడుతున్నం. సీఈసీ, హెచ్ఈసీ కలిపి నలభై నాలుగు మంది. 22 మంది అధికార పక్షం, 18 మంది ప్రతిపక్షం, ఒక సెక్రటరీ జనరల్, ఇద్దరు మార్షల్స్, ఒక స్పీకర్. స్పీకర్‌ను పిల్లలే ఎన్నుకున్నరు. ఎప్పుడూ మూడో బెంచీ చివర కూసునే అమ్మాయి, మొదట అధికార పక్షం లిస్టుల ఉండె.

నిన్న రిహార్సల్‌ల ప్రశ్నోత్తరాల సమయం నడుస్తున్నది. ప్రతిపక్షం పిల్లగాడు ఒక అనుబంధ ప్రశ్న అడిగిండు. మంత్రికి జవాబు తెల్వదు, కాగితాలు తిరగేస్తుండు. స్పీకర్ అమ్మాయి ఆగి, "మంత్రిగారు సమాధానం చెప్పాలి" అన్నది. అంతే. బెల్లు కొట్టినంక ఆమె దోస్తులే చుట్టూ చేరిన్రు. "నువ్వు మన పార్టీ కాదా? వాళ్లకెందుకు చాన్స్ ఇచ్చినవ్?" అని. స్టాఫ్ రూం కాడికొచ్చి కండ్ల నీళ్లు పెట్టుకున్నది. "మేడం, ఆ కుర్చీల కూసున్నంక నేను ఎవరి మనిషిని?" అని అడిగింది.

అధికరణం నంబర్లు నాకు తెలుసు, రోజూ బోర్డు మీద రాసేవే. కానీ ఆ పిల్ల అడిగింది నంబరు కాదు. మీరైతే ఏం చెప్తరు?

పరకాల వకీల్

మేడం, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు రాజ్యాంగంలోనే సగం జవాబు ఉన్నది. 93వ అధికరణం ప్రకారం లోక్‌సభ తన సభ్యుల్లోంచే స్పీకర్‌ను, డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోవాలె. ప్రధాని వేసిన పోస్టు కాదు, రాష్ట్రపతి వేసిన పోస్టూ కాదు. సభ కూసోబెట్టింది, దింపాలన్నా సభే దింపాలె. 14 రోజుల ముందు నోటీసు ఇచ్చి, అప్పటికి ఉన్న మొత్తం సభ్యుల్లో మెజారిటీతోని తీర్మానం నెగ్గించాలె. ఆ తీర్మానం చర్చకొచ్చిన పూట ఆయన ఆ కుర్చీల కూసోరాదు. కింద కూసొని తన మాట చెప్పుకోవచ్చు, అందరిలెక్కనే ఓటెయ్యొచ్చు. 1954లో మావలంకర్ మీద, 1966లో హుకుం సింగ్ మీద, 1987లో బలరాం జాఖడ్ మీద అట్ల ప్రయత్నాలు జరిగినయి, ఏదీ నెగ్గలే.

జీతం సంగతి కూడా చూడండి. స్పీకర్ జీతం సంచిత నిధి నుంచి వస్తది, దాని మీద ఏటా ఓటింగ్ ఉండదు. సర్కారు కోపమొచ్చి జీతం ఆపుతానికి లేదు. జడ్జీలకు ఇచ్చిన కాపలానే స్పీకర్‌కూ ఇచ్చిన్రు.

ఎన్నికైన స్పీకర్‌ను కుర్చీ దాకా ప్రధాని ఒక పక్క, ప్రతిపక్ష నాయకుడు ఒక పక్క నడిచి తోల్కపోతరు. 2024 జూన్ 26న ఓం బిర్లాను మోదీ, రాహుల్ గాంధీ ఇద్దరూ కలిసే తీస్కపోయిన్రు. అంతకుముందే పోటీ పెట్టిన్రు, ప్రతిపక్షం తరఫున కె. సురేశ్ నిలబడ్డరు, అవును, కాదు అని గొంతులతోనే చెప్పే మూజువాణి ఓటుతోని తేలింది. పోటీ అయినంక కూడా ఇద్దరూ కలిసే నడిచిన్రు. మీ మాక్ పార్లమెంటుల ఈ నడక తప్పకుండ పెట్టించండి. ప్రతిపక్ష నాయకుడు ఆ అమ్మాయి పక్కన నడిచి కూసోబెడితే, ఆమె దోస్తులకు సగం విషయం అక్కడనే అర్థమైతది.

జమ్మికుంట తమ్ముడు

వకీల్ సాబ్, పుస్తకంల అంతా బాగనే ఉంటది. ఊర్ల పబ్లిక్‌కు కనబడేది వేరు. పార్టీ మారినోళ్ల మీద అనర్హత పిటిషన్ వేస్తే తేల్చేది ఎవరు? స్పీకర్. ఆ స్పీకర్ ఏ పార్టీ టికెట్ మీద గెలిచిండు? మా హుజూరాబాద్ ఎమ్మెల్యే వేసిన కేసులనే సుప్రీంకోర్టు 2025 జూలై 31న తీర్పు ఇచ్చింది. పార్టీ మారిన పదిమంది ఎమ్మెల్యేల మీది పిటిషన్లు మూడు నెలల్ల తేల్చుమని మన తెలంగాణ స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. ఆ పదిమందిల స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నది, జగిత్యాల ఉన్నది, బాన్సువాడ ఉన్నది. కోర్టు చెప్తే గని కదలని కుర్చీకి అంత మర్యాద ఎందుకు అని మా ఊర్ల అడుగుతున్నరు.

పరకాల వకీల్

తమ్మీ, నీ కోపం అర్థమైంది. అయితే ఒకే పార్టీ కాలం చూడకు. 2019 జూన్‌ల 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలల్ల 12 మంది టీఆర్ఎస్‌ల విలీనమైతే అప్పటి స్పీకర్ ఒప్పుకున్నరు. ఆ స్పీకర్ బాన్సువాడ పోచారం శ్రీనివాసరెడ్డి గారు. ఇప్పుడు నువ్వు చెప్పిన పదిమందిల ఆయన కూడా ఒకరు. పార్టీలు మారినయి, కుర్చీ మీద ఫిర్యాదు మాత్రం అదే ఉన్నది.

దీని మూలం పార్లమెంటుల ఉన్నది. 1985లో 52వ సవరణతోని పదో షెడ్యూలు తెచ్చిన్రు, ఫిరాయింపు తేల్చే పని సభాపతి చేతుల పెట్టిన్రు. 1992లో కిహోటో హొల్లోహన్ కేసుల సుప్రీంకోర్టు ఆ షెడ్యూలును నిలబెట్టింది, కానీ స్పీకర్ ఇచ్చే తీర్పును కోర్టు చూడొచ్చని చెప్పింది. ఐదుగురు జడ్జీలల్ల ఇద్దరు అప్పుడే ఒప్పుకోలే. సభల మెజారిటీ మీద ఆధారపడి బతికే కుర్చీ ఫిరాయింపుల మీద తటస్థంగ ఎట్ల ఉంటదని వాళ్ల అనుమానం. 2020ల మణిపూర్ కేసుల అదే కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. మామూలుగ మూడు నెలల్ల తేల్చాలె, అసలు ఈ పనిని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇచ్చే సంగతి పార్లమెంటు ఆలోచించాలె అన్నది.

నా అభిప్రాయం కూడా అదే. స్పీకర్ చేతుల కెల్లి ఈ పని తీసేస్తే కుర్చీకి నష్టం లేదు, లాభమే.

సివిక్స్ మేడం, హన్మకొండ

ఇద్దరికీ థాంక్స్. అసెంబ్లీ సంగతి ఇక్కడ ఆపుదాం, లేకపోతే తెల్లారేదాక అదే నడుస్తది. నడక ఐడియా రాసుకున్న. పార్లమెంటుల తన పార్టీకి ఇష్టం లేని పని చేసిన స్పీకర్లు ఎవరన్న ఉన్నరా? ఆ పిల్లకు చెప్తానికి నాకు మనుషులు కావాలె.

ఢిల్లీల ఓరుగల్లు బిడ్డ

ఉన్నరు అక్కా, అందులో మన తెలుగోళ్లే ఇద్దరు.

నీలం సంజీవరెడ్డి గారు 1967లో హిందూపురం నుంచి గెలిచి స్పీకర్ అయినంక కాంగ్రెస్ పార్టీకి రాజీనామా చేసిన్రు. చట్టం అడగలే, ఎవరూ బలవంతం పెట్టలే. ఫిరాయింపు చట్టమే అప్పటికి లేదు. తర్వాత వచ్చిన పదో షెడ్యూలుల, స్పీకర్‌గా ఎన్నికైనంక పార్టీ వదిలేస్తే అనర్హత అంటదు అని ఒక మినహాయింపు పెట్టిన్రు. దారి చట్టం తెరిచే పెట్టింది, నడిచేటోళ్లే కావాలె.

రెండోది బాలయోగి గారు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి సర్కారు విశ్వాస పరీక్ష. బాలయోగి గారు తెలుగుదేశం, ఆ పార్టీ అప్పుడు వాజపేయికి మద్దతు. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కానీ లోక్‌సభ సీటు ఇంకా వదల్లే. ఓటెయ్యొచ్చా లేదా అని పెద్ద గొడవ. బాలయోగి గారు ఆపలే, ఆయన అంతరాత్మకే వదిలేసిన్రు. 269 అటు, 270 ఇటు. ఒక్క ఓటుతోని సర్కారు పడ్డది. తన పార్టీ నిలబెట్టిన సర్కారు కండ్ల ముందు పడిపోతుంటే ఆ అంకెలు చదవాలంటే గుండె గట్టిగ ఉండాలె. నేను అప్పుడు ఆరో తరగతి, మా నాయిన రేడియో దగ్గర కూసున్న రూపం ఇంకా గుర్తున్నది.

సోమనాథ్ ఛటర్జీ సంగతి చాలామందికి తెలుసు. 2008 జూలైల అణు ఒప్పందం మీద ఆయన పార్టీ సీపీఎం సర్కారుకు మద్దతు తీసేసుకున్నది, స్పీకర్ పదవికి రాజీనామా చెయ్యమన్నది. ఆయన చెయ్యలే. 22న విశ్వాస తీర్మానం మీద కుర్చీలనే ఉన్నరు, 23న పార్టీ ఆయనను బహిష్కరించింది. నలభై ఏండ్ల పార్టీ అది.

ఇంకో మాట. పాత భవనంల స్పీకర్ కుర్చీ పైన "ధర్మచక్ర ప్రవర్తనాయ" అని రాసి ఉంటది. గ్యాలరీల కూసున్నప్పుడు నేను దాన్నే చూసేది. స్పీకర్‌కు కుడి పక్క సర్కారు, ఎడమ పక్క ప్రతిపక్షం. ఎడమ పక్క ముందు వరుసల మొదటి సీటు డిప్యూటీ స్పీకర్‌ది. 2019 నుంచి 2024 దాక 17వ లోక్‌సభ మొత్తం ఆ పదవి భర్తీ చెయ్యలే. కొత్త సభ వచ్చి ఏడాది దాటినా చెయ్యలే. రాజ్యాంగంల "వీలైనంత త్వరగా" అని ఉన్నది. స్పీకర్ రాజీనామా ఇయ్యాలన్నా డిప్యూటీ స్పీకర్‌కే ఇయ్యాలె. ఆ సీటును చాలా ఏండ్లుగ ప్రతిపక్షం వైపు ఇచ్చే ఆనవాయితీ ఉండె. అందుకే ఖాళీ పెట్టిన్రని నాకు గట్టిగ అనిపిస్తది.

కాజీపేట జంక్షన్

నేను రైల్వేల చేసి రిటైరైన. పెద్దగ చదువుకోలే. ఒక సంగతి చెప్త, తప్పైతే మన్నించుర్రి.

2014 ఫిబ్రవరి 13న లోక్‌సభల తెలంగాణ బిల్లు పెడుతుంటే మిరియాల స్ప్రే కొట్టిన్రు. టీవీల చూసినం. ఎంపీలు దగ్గుకుంట బయటికి ఉరుకుడు. కడుపు మండింది. 18వ తారీఖు అదాలత్ సెంటర్ల అమరవీరుల స్తూపం కాడ ఉన్నం. పక్కన షాపుల టీవీ పెట్టిన్రు. మధ్యాహ్నం సభ నడుస్తుండగనే బొమ్మ ఆగింది. ఏమైందో ఎవలకు తెల్వదు. ఫోన్లు చేసుడు, గుండెలు దడదడ. కొంత సేపటికి కింద అక్షరాలు పోయినయి, బిల్లు పాసైందని, మూజువాణి ఓటుతోని. నా పక్కన నిలబడ్డ ముసలాయన నడిరోడ్డు మీద కూసొని ఏడ్చిండు. నేను అప్పటి స్పీకర్ మీరాకుమార్ అమ్మకు చేతులెత్తి మొక్కిన. ఆ అమ్మ గట్టిగ నిలబడకపోతే గొడవ చేసేటోళ్లు బిల్లును ముందుకు పోనియ్యకపోదురు.

2020 సెప్టెంబర్ 20న రాజ్యసభల వ్యవసాయ బిల్లులు. ప్రతిపక్షం ఓట్లు లెక్కపెట్టుమన్నది. సభ్యులు సీట్లల్ల లేరని డిప్యూటీ చైర్మన్ హరివంశ్ గారు మూజువాణి ఓటుతోనే పాస్ చేసిన్రు. మాకు నర్సంపేట కాడ రెండెకరాలు ఉన్నది, పత్తి ఏస్తం. ఆ పొద్దు నాకు అన్నం సయించలే. ఇదేం పద్ధతి, ఓట్లు లెక్కపెట్టకుండ ఎట్ల అంటరు పాసైందని, అని ఇంట్ల లొల్లి పెట్టిన.

మా కొడుకు 2014ల కాకతీయ యూనివర్సిటీల చదువుతుండె, లాఠీ దెబ్బలు తిన్నోడు. వాడు నెమ్మదిగ అడిగిండు: "బాపూ, ఆనాడు కూడా మూజువాణి ఓటే కదా. టీవీ కూడా బంద్ చేసిన్రు కదా. ఆనాడు నువ్వు దండం పెట్టినవ్."

నేను వాడికి జవాబు చెప్పలేకపోయిన. నేటికీ చెప్పలే. తెలంగాణ వచ్చింది న్యాయమే, అందుల నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న చదివినంక మల్ల అది మనసుల తిరుగుతున్నది. కుర్చీ మనకు పనికొచ్చిన్నాడు అది సభ మనిషి అంటం. పనికిరాని నాడు సర్కారు మనిషి అంటం.

పరకాల వకీల్

కాజీపేట అన్నా, మీ మాట చదివి కొద్దిసేపు రాయలేకపోయిన.

వకీలు లెక్కల ఒక తేడా ఉన్నది. 2014ల సర్కారుతోపాటు ప్రధాన ప్రతిపక్షం బీజేపీ కూడా బిల్లుకు ఓటేస్తమన్నది. అంకె మీద అనుమానం లేదు. 2020ల రాజ్యసభల సర్కారుకు సొంతంగ మెజారిటీ లేదు, మిత్రపక్షాలల్ల కొంతమంది వెనక్కి పోతున్నరు. లెక్క అవసరమైంది అప్పుడే.

ఇంత చెప్పినా నియమం మాత్రం రెండింటికీ ఒకటే. స్పీకర్ "అవును అన్నవారిదే అనుకుంటున్నాను" అంటరు. ఎవరన్న దాన్ని ఒప్పుకోకపోతే డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టుడు. లాబీలు ఖాళీ చెయ్యమంటరు, గంట మోగుతది, మూడున్నర నిమిషాలు ఆగుతరు, తలుపులు మూస్తరు, మల్ల ప్రశ్న పెడతరు. అనవసరంగ అడుగుతున్నరని స్పీకర్ అనుకుంటే, సభ్యులను ఉన్నకాడనే నిలబెట్టి తలలు లెక్కపెట్టే వీలు కూడా లోక్‌సభ నియమాలల్ల ఉన్నది. ఎట్లైనా లెక్క ఉంటది. గెలిచేటోళ్లకు అది టైం వేస్టు అనిపిస్తది. ఓడేటోళ్లు ఇంటికి పోయి వాళ్ల నియోజకవర్గంల "మేం ఇంతమందిమి వద్దన్నం" అని చెప్పుకునేది ఆ అంకెతోనే.

మేడం, రెండు పక్కలా సమానమైతే సంగతి కూడా అమ్మాయికి చెప్పి ఉంచండి. 100వ అధికరణం ప్రకారం స్పీకర్ మామూలుగ ఓటెయ్యరు, సమానమైతేనే నిర్ణాయక ఓటు. ఆ ఓటు ఎటెయ్యాలనే దానికి బ్రిటన్ల పాత సంప్రదాయం ఒకటి ఉన్నది. ఇంకా చర్చకు తావుంటే చర్చ సాగేటట్టు వెయ్యాలె, సభ తేల్చని మార్పును తన ఒక్క ఓటుతోని తేవొద్దు. మన దగ్గర 1928ల కేంద్ర శాసనసభల పబ్లిక్ సేఫ్టీ బిల్లు మీద 61–61 అయితే అధ్యక్షుడు విఠల్‌భాయి పటేల్ బిల్లుకు వ్యతిరేకంగ వేసిన్రు. బ్రిటిష్ సర్కారు బిల్లు అట్ల ఆగిపోయింది.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్

మేడం, నేను గనిల పని చేస్త. యూనియన్ మీటింగులకు నాలుగైదు సార్లు అధ్యక్షత చేసిన. ఆ పిల్ల బాధ నాకు తెలుసు. మన యూనియనోడే ముందు కోపం చేస్తడు, ఎదుటి యూనియనోడు కాదు. మైకు ఇచ్చినందుకు నాతోని ఒక దోస్తు రెండేండ్లు మాట్లాడలే.

లొల్లి చేసేటోళ్లను బయటికి పంపుడు గురించి కూడా ఆమెకు చెప్పుర్రి. 2023 డిసెంబర్ల రెండు సభల్ల కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేసిన్రు. వాళ్లు అడిగింది పార్లమెంటుల భద్రత ఎట్ల తప్పిందో హోంమంత్రి వచ్చి చెప్పాలని. స్పీకర్ కుర్చీ ముందటి జాగ, వెల్‌లకు పోవుడు తప్పే, ప్లకార్డులు పట్టుకునుడు తప్పే. కానీ అంతమందిని బయట పెట్టి లోపల కొత్త క్రిమినల్ చట్టాలు పాస్ చేసుకునుడు నాకు మింగుడు పడలే. సభ సాఫీగ నడిచింది అంటే ఏం లాభం, అడిగేటోడు లోపల లేకపోతే?

భూపాలపల్లి పాఠకుడు

మా దగ్గర ఒక మాట ఉన్నది, స్పీకరైతే మల్ల గెలువరని. తెలంగాణ తొలి స్పీకర్ మధుసూదనాచారి గారు మా భూపాలపల్లి నుంచే. 2018ల ఓడిపోయిన్రు. ఉమ్మడి రాష్ట్రంల స్పీకర్ చేసిన సురేశ్ రెడ్డి గారు 2009ల ఆర్మూరుల ఓడిపోయిన్రు. జనం దాన్ని కుర్చీ శాపం అంటరు. 2023ల పోచారం గారు గెలిచినంక ఆ మాట కొంచెం తగ్గింది.

శాపం గీపం ఏం లేదు. స్పీకర్ అయినోడు ఐదేండ్లు సభల మన బాధ గురించి నోరు తెరువరాదు. మంత్రులను గట్టిగ అడుగరాదు. మీటింగులల్ల ఎదుటి పార్టీని తిట్టరాదు. ఊరోళ్లకు "మనోడు ఏం మాట్లాడుతలేడు" అనే అనిపిస్తది. మర్యాదగ కుర్చీ చేసినోనికి మనం ఓటుతోని శిక్ష వేస్తున్నం. బ్రిటన్ల పెద్ద పార్టీలు స్పీకర్ మీద అభ్యర్థిని పెట్టకుండ వదిలేస్తయి. మన దగ్గర అట్లాంటిది లేనప్పుడు ఆ మనిషి వచ్చే టికెట్ కోసం పార్టీ దిక్కు చూసుడు ఆపుతడా? ఢిల్లీలైనా ఇదే కథ.

జమ్మికుంట తమ్ముడు

భూపాలపల్లి అన్నా, ఇది నేను ఎప్పుడూ ఆలోచించలే. టికెట్ ఇచ్చేటోళ్ల చేతుల ఉంచి, న్యాయం చెయ్యమంటున్నం. మేడం, శుక్రవారం ఏమైందో తప్పకుండ రాయుర్రి.

సివిక్స్ మేడం, హన్మకొండ

శుక్రవారం అయిపోయింది, ఇప్పుడే ఇంటికొచ్చిన.

మీ మాటలన్నీ ఆ అమ్మాయికి బుధవారమే చదివి వినిపించిన. బాలయోగి గారి దగ్గర ఆపి మల్ల చదువుమన్నది. కాజీపేట అన్న రాసింది విని ఏం మాట్లాడలే.

నడక పెట్టించినం. ప్రతిపక్ష నాయకుడి వేషం వేసిన పిల్లగాడు కుర్చీ దాకా వచ్చి దండం పెట్టి పోయిండు. ప్రశ్నోత్తరాలు బాగ నడిచినయి. జీరో అవర్ల కొంచెం లొల్లి. ఒకడు బెంచీ ఎక్కిండు. ఆమె రెండు సార్లు పేరు పెట్టి పిలిచి "మీ స్థానానికి వెళ్లండి" అన్నది, దిగిండు.

చివరికి బిల్లు. గ్రామీణ విద్యార్థులకు ఉచిత బస్సు ప్రయాణం. మూజువాణి ఓటు పెట్టింది. ప్రతిపక్షంల గొంతులు పెద్దయి, "కాదు" అనేది హాలంతా మోగింది. ఆమె మాత్రం సీట్ల దిక్కు ఒకసారి చూసి, "అవును అన్నవారిదే అనుకుంటున్నాను" అన్నది. వెంటనే డివిజన్ అడిగిన్రు. అప్పటికే ఒంటిగంట దాటింది. ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నరు. ఆమె దోస్తులు ముందు బెంచీల కెల్లి "వద్దు, వద్దు, అయిపోయింది" అని సైగలు. ఆమె మార్షల్స్‌ను పిలిచి గంట కొట్టించింది. మూడున్నర నిమిషాలు గోడ గడియారం దిక్కే చూసుకుంట కూసున్నది. తలుపులు మూయించింది.

అధికార పక్షం పిల్లలు ముగ్గురు క్యాంటీన్ల ఉండిపోయిన్రు. తలుపు మూసినంక ఉరికొచ్చి బయట కెల్లి దబదబ కొట్టిన్రు. అందుల ఒకరు ఆమెకు ప్రాణం లెక్క దోస్తు. నేను కూడా లోపలికి రానిద్దామా అన్నట్టు చూసిన. ఆమె తల అడ్డంగ ఊపింది.

లెక్కపెట్టిన్రు. 19, 18. బిల్లు పాసైంది. అంకెలు రెండూ చదివింది, గొంతు కొంచెం వణికింది. అంతే.

అందరూ పోయినంక కుర్చీలు సర్దుతుంటే ఆమె టేబుల్ మీద పెన్ను కింద ఒక చిన్న చీటీ కనబడ్డది. నోట్‌బుక్ కాగితం, నాలుగు మడతలు. విప్పి చూస్తే ఆమె రాతే: "సమానం అయితే: బిల్లు ఆగాలి. మళ్లీ చర్చ." కింద గీత గీసి, "వాళ్లు నాతో మాట్లాడకపోయినా."

పరకాల వకీల్

మేడం, మా దగ్గర కాలేజీల కూడా వచ్చే నెల పెడదామంటున్నరు. ఆ చీటీ ఫోటో ఇక్కడ పెడతరా? మా పిల్లలకు చూపెడత.

సివిక్స్ మేడం, హన్మకొండ

ఆమెను అడగకుండ పెట్టను అన్నా. సోమవారం అడిగి చెప్త.